ఎడారిలో మూడంగుళాల గడ్డి

యుద్ధంలో మనుషుల్ని చంపేవి తుపాకులూ బాంబులూ అని నమ్మేవాళ్లు ఎన్నడూ ఆఫీసులో పనిచేసి ఉండరు. హవల్దార్ గుమాస్తా బందెల కరుణాకరం పనిచేశాడు. బాపట్ల తాలూకా కచేరీలో మూడేళ్లు నకళ్లు రాసి, టైపు లోయర్ ప్యాసై, పట్టాళంలో చేరితే లోకం చూడొచ్చని ఎవరో చెబితే చేరిపోయాడు. పందొమ్మిది వందల నలభై మూడు మార్చి నాటికి ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తేలాడు. లోకంలో ఎక్కువ భాగం ఇసుకేనని అతనికి అక్కడే తెలిసింది.

అక్కడ అతన్ని ఒక పోలండు దళానికి గుమాస్తాగా అప్పిచ్చారు. ఆ దళంలో పదిహేనుమంది ఫైటర్ పైలట్లు. వాళ్ల దేశాన్ని ఒక పక్కనుంచి జర్మన్లూ ఇంకో పక్కనుంచి రష్యన్లూ పంచుకు మింగేస్తే, సరిహద్దులు దాటి, దొరికిన ఓడలెక్కి, ఇంగ్లండు చేరారు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల విమానాలెక్కి, తమది కాని ఇసుక మీద, తమవాడు కాని రాజు పేర జర్మన్లతో పోట్లాడుతున్నారు. కరుణాకరానికి ఇందులో వింతేమీ కనబడలేదు. తనూ అదే పని చేస్తున్నాడు.

దళానికి నాయకుడు స్క్వాడ్రన్ లీడర్ బర్టోష్. నలభై ఏళ్లవాడు, మాట తక్కువ, కాగితాలంటే అసహ్యం. కరుణాకరం ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టేవాడు. అందరిలోకీ చిన్నవాడు వితోల్డ్ జరెంబా. ఇరవై మూడేళ్లు. రోజూ సాయంత్రం కరుణాకరం గుడారానికి వచ్చి, పెట్టె మీద కూర్చుని, ఆ రోజు జరిగిన పోరాటం చెప్పేవాడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి ఒకరికొకరు బాగా అర్థమయ్యేవారు.

“ఒకడు వచ్చాడు. కాల్చాను. పడ్డాడు,” అనేవాడు వితోల్డ్.

“ఇంతేనా సార్? ఇది పంపితే ఒప్పుకోరు. ఎన్నడుగుల ఎత్తు, ఎటునుంచి ఎండ, ఎన్ని గుళ్లు, అవన్నీ కావాలి.”

“నువ్వు రాయి, పాన్ కరూనా. నీకు బాగా తెలుసు.”

పాన్ అంటే వాళ్ల భాషలో గారు అన్నమాట. హవల్దార్ గుమాస్తాని గారు అని పిలిచిన మొట్టమొదటి తెల్లవాడు వితోల్డే. అందుకని కరుణాకరం ఆ మూడు ముక్కల్ని మూడు పేజీలు చేసేవాడు. వితోల్డ్ ఆ మూడు పేజీలూ చదివి, తనంత గొప్పగా పోట్లాడానా అని ఆశ్చర్యపోయి, జేబులోంచి సగం చాక్లెట్టు తీసి బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. వాళ్లమ్మ బతికుందో లేదో అతనికి మూడున్నరేళ్లుగా తెలియదు. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు, చెప్పాక మళ్లీ ఎత్తలేదు.

ఇదంతా బాగానే ఉండేది, పక్ష నివేదిక లేకపోతే.

పక్ష నివేదిక అంటే విమానక్షేత్రం ఎలా ఉందో పదిహేను రోజులకోసారి పైకి రాసి పంపవలసిన పత్రం. ఇంగ్లండులో అచ్చేశారు. అందులో నలభై ఒక్క గడులున్నాయి. పదిహేడో గడిలో ‘రన్‌వేపై గడ్డి సగటు ఎత్తు, అంగుళాలలో’ అని ఉంది. మొదటిసారి కరుణాకరం ఆ గడి వదిలేశాడు. తొమ్మిది రోజుల తర్వాత పత్రం తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ‘అసంపూర్ణము. అన్ని గడులూ నింపి తిరిగి సమర్పించవలెను’ అని రాసి ఉంది.

కరుణాకరం పత్రం పట్టుకుని గుడారం బయటికొచ్చి చూశాడు. తూర్పున ఇసుక. పడమటన ఇసుక. ఉత్తరాన రాళ్లు. దక్షిణాన మళ్లీ ఇసుక. రన్‌వే కూడా ఇసుకే, కాకపోతే లారీలు తొక్కి తొక్కి సిమెంటులా గట్టిపడిన ఇసుక. సున్నా వేద్దామనుకున్నాడు. కానీ సున్నా వేస్తే ఊరుకుంటారా? ఎప్పటినుంచి సున్నా, ఎవరి నిర్లక్ష్యం వల్ల సున్నా అని ఇంకో కాగితం వస్తుంది. తాలూకా కచేరీలో అతనికి పని నేర్పిన హెడ్డు గుమాస్తా ఒకటే మాట చెప్పేవాడు: “ఖాళీ గడి చూస్తే పైవాడికి ఆకలేస్తుందిరా అబ్బాయ్. ఏదో ఒకటి పడెయ్.” నిమ్మళంగా ఉంటుంది, ఎవరి కంటా పడదు అనుకుని కరుణాకరం ‘అర’ అని టైపు చేశాడు. బర్టోష్ చదవకుండా సంతకం పెట్టాడు.

ఆ అర అంగుళమే కొంప ముంచింది.

సున్నా అయితే ఏమయ్యేదో తెలియదు గాని, అర అంగుళం అనేసరికి ఎడారి విమానక్షేత్రాల నిర్వహణ శాఖ ఉలిక్కిపడింది. అక్కడినుంచి ఉత్తరం వచ్చింది. ‘విమానక్షేత్రములలో గడ్డి ఎత్తు మూడంగుళములకు తగ్గరాదు, నాలుగంగుళములకు మించరాదు. తమ వద్ద రెండున్నర అంగుళముల లోటు ఉన్నట్లు తమ నివేదిక వల్లనే విదితమగుచున్నది. ఈ శోచనీయ స్థితికి కారణము తెలుపవలెను.’

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. తాటిచెట్టు మీద గడ్డి ఉండదని అడిగినవాడికి తెలుసు కాబట్టి ఆ కథ అక్కడితో ఆగింది. ఇక్కడ అడిగినవాడికి ఆ సంగతీ తెలియదు. కరుణాకరం తల గోక్కుని ‘నీటి కొరత వలన’ అని జవాబు రాశాడు. బర్టోష్ సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దళానికి ఉన్న రెండు నీళ్ల లారీల్లో ఒకటి ఇకనుంచి గడ్డికి కేటాయించడమైనది.

నీళ్ల లారీ డ్రైవరు బొబ్బిలి పక్కవాడు, బోనెల సింహాద్రి. చుట్టూ ఐదువందల మైళ్లలో కరుణాకరంతో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే. ఉత్తర్వు చదివి వినిపిస్తే లారీ దిగొచ్చి కరుణాకరం మొహంలోకి చూశాడు.

“గెడ్డికి నీల్లేటి గుమాస్తా బాబూ? గెడ్డేదీ?”

“లేదులే సింహాద్రీ. కాగితంలో ఉంది.”

“కాయితంలో ఉంటే కాయితం మీదే పోసీమంటారేటి?”

“ఇసక మీదే పొయ్యి. నాలుగు రోజులు పోస్తే వాళ్లే మర్చిపోతారు.”

“మరి ఆ బాబులేటి తాగుతారు? ఎండలో ఎగిరొచ్చి గొంతెండిపోయుంటారు గదా.”

మనిషికి రోజుకో గ్యాలన్ వచ్చే నీళ్లు అర గ్యాలన్ అయ్యాయి. పైలట్లు గడ్డాలు గీసుకోవడం మానేశారు. వితోల్డ్ మిగిలిన టీతో మొహం కడుక్కుని, “ఎర్రగా అయ్యాను, అందంగా ఉన్నానా?” అని నవ్వాడు. కరుణాకరం నవ్వలేకపోయాడు.

వాళ్లు మర్చిపోలేదు. పైగా ఒక మనిషిని పంపారు. వింగ్ కమాండర్ పిల్‌బీమ్ దొర జీపులో వచ్చి దిగాడు. చంకలో బెత్తం, చేతిలో అడుగుబద్ద, వెనక ఆరు బస్తాల ఇంగ్లీషు గడ్డి విత్తనాలు. యుద్ధానికి ముందు ఏదో క్రికెట్ మైదానానికి కార్యదర్శిగా ఉండేవాడట. ఆ సంగతి దిగిన ఐదో నిమిషంలోనే చెప్పాడు, రోజూ చెబుతూనే ఉన్నాడు.

బర్టోష్ ఆయన్ని రన్‌వే మీదికి తీసుకెళ్లి, బూటుతో నేలను తన్ని, “ఇది ఇసుక,” అన్నాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఎక్కువ లేదు, కాని ఈ సంగతి చెప్పడానికి అది చాలు.

పిల్‌బీమ్ దొర చిరునవ్వు నవ్వాడు. “స్క్వాడ్రన్ లీడర్, ఈ క్షేత్రమునందు అర అంగుళము గడ్డి కలదని తమ సంతకముతో కూడిన నివేదిక మా శాఖకు చేరియున్నది. తాము విదేశీయులు. మా గడ్డిని గుర్తింపజాలకపోవుట సహజమే. దానికి మేము తమను తప్పుపట్టము.”

“గడ్డి లేదు,” అన్నాడు బర్టోష్.

“కంటికి కనిపించుట, కనిపించకపోవుట అనునవి ఋతువును బట్టి మారుచుండును. నివేదిక మారదు.” అని, కరుణాకరం వైపు తిరిగాడు. “నీవే కదా కొలిచినది?”

అదీ కరుణాకరం నిజం చెప్పవలసిన క్షణం. యుద్ధకాలంలో తప్పుడు నివేదిక పంపితే కోర్టు మార్షల్. ఆ నిబంధనను అతనే టైపు చేసి గుడారం స్తంభానికి అంటించాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. బర్టోష్ చూస్తున్నాడు. అవతల విమానం రెక్క నీడలో పడుకున్న వితోల్డ్ తలెత్తి ఇటే చూస్తున్నాడు.

“కొలిచాను సార్,” అన్నాడు కరుణాకరం.

“శ్రద్ధ గల గుమాస్తా,” అన్నాడు పిల్‌బీమ్ దొర.

ఇక పనులు జోరందుకున్నాయి. మెకానిక్కులు ఇంజన్లు వదిలి ఇసుకలో విత్తనాలు చల్లారు. సింహాద్రి లారీ రోజుకు రెండుసార్లు కాక నాలుగుసార్లు తిరిగింది. రెండో లారీని కూడా పూట విడిచి పూట గడ్డికే తిప్పారు. దొర రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని అడుగుబద్ద పెట్టి చూసేవాడు. పదకొండో రోజున, చెబితే నమ్మరు, ఇసుకలోంచి పచ్చగా ఏదో తొంగి చూసింది. మూడు వారాలకు రెండంగుళాల గడ్డి, అరమైలు పొడుగునా, నిగనిగలాడుతూ లేచి నిలబడింది. ఎడారి అంతా ఎండి చస్తుంటే దాని నడుమ ఆ పచ్చటి చాప చూసి కరుణాకరానికి భయం వేసింది. తను వేసిన అబద్ధం మొలకెత్తడం ఏ గుమాస్తా కళ్లబడి ఉంటుంది?

గడ్డి వచ్చింది కదా అని సంతోషించడానికి లేదు. విమానాల చక్రాల కింద అది నలిగిపోతోంది. దొర ఆ చారలు చూసి భోజనం మానేశాడు. మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ‘గడ్డి నిర్ణీత ప్రమాణమును అందుకొని స్థిరపడు వరకు రన్‌వేపై విమానములు ఎగురుటగాని దిగుటగాని నిషిద్ధము. విమానములు ఉత్తరమున గల రాతినేలను వినియోగించుకొనవలెను.’

బర్టోష్ ఆ కాగితాన్ని చదివాడు. ఆయన చదివిన మొదటి కాగితం అదే. నేరుగా దొర గుడారానికి వెళ్లాడు, కరుణాకరం వెనక నడిచాడు.

“రన్‌వే విమానానికి,” అన్నాడు బర్టోష్.

“పొరపాటు. విమానము ఈ రోజు ఇచ్చట ఉండును, రేపు మరొకచోట ఉండును. రన్‌వే శాశ్వతము. శాశ్వతమైనదానిని తాత్కాలికమైనది పాడుచేయుట ఏ పరిపాలనాశాస్త్రమూ అంగీకరింపదు.”

“నేను వినను.”

“వినకుండుటకు తమకు స్వేచ్ఛ కలదు,” అన్నాడు దొర మెత్తగా. “అట్టి పక్షమున ఈ విమానములు మా ప్రభుత్వమువారివి గనుక వెనుకకు తీసికొనబడును. తమ పైలట్లు ఇంగ్లండునందు బంగాళాదుంపల గిడ్డంగులను కాపలా కాయవచ్చును.”

దేశం పోయింది, ఇల్లు పోయింది, ఆ పదిహేను విమానాలూ ఒక్కటే బర్టోష్ మనుషులకు మిగిలిన చోటు. సెల్యూట్ చేసి బయటికొచ్చాడు. ఇల్లు లేనివాణ్ణి బెదిరించడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, కాని ఆ కొంచెం తెలివి మాత్రం పిల్‌బీమ్ దొరకు పుష్కలంగా ఉంది.

రాతినేల మీద మొదటి వారంలో మూడు టైర్లు పగిలాయి. రెండో వారంలో ఒక విమానం ముక్కు నేలకేసి కొట్టుకుంది, పైలట్ మోచెయ్యి విరిగింది. దీనికి కారణం ‘విదేశీ పైలట్ల సహజ దుడుకుతనము’ అని శాఖ తేల్చింది. గడ్డి మాత్రం రెండున్నర అంగుళాలు దాటింది. సింహాద్రి ఒక రోజు లారీ చక్రాలకు అంటిన ముద్దను పలుగుతో గీకుతూ, “గుమాస్తా బాబూ, ఇది ఇసక కాదండి ఇప్పుడు. లోపలంతా బురదైపోనాది. నా లారీయే దిగబడిపోతంది,” అన్నాడు. కరుణాకరం విన్నాడు. వినీ, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం వితోల్డ్ వచ్చి పెట్టె మీద కూర్చున్నప్పుడు కరుణాకరం టైపు మిషన్ మీద చేతులు పెట్టి, “సార్, ఆ గడ్డి నేనే రాశాను. అసలు లేదు. గడి ఖాళీగా ఉండకూడదని,” అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

వితోల్డ్ అతన్ని వింతగా చూశాడు. కోపం వస్తుందని కరుణాకరం ఎదురుచూశాడు.

“మా ఊళ్లో కూడా ఇలాంటి ఆఫీసు ఉండేది,” అన్నాడు వితోల్డ్. “ఆ ఆఫీసు పోయినందుకు మాత్రం నేను ఏడవలేదు.” లేచి నిలబడి, “పాన్ కరూనా, వాళ్లకు చెప్పు. నాకు కాదు,” అన్నాడు.

“చెబుతాను సార్.”

“ఎప్పుడు?”

“శుక్రవారం జనరల్ వస్తున్నాడు. ఆయనతోనే చెబుతాను.”

ఎడారి మొత్తం మీద ఉత్తమ విమానక్షేత్రానికి ఒక వెండి షీల్డు బహూకరించడానికి జనరల్ వస్తున్నాడు. శుక్రవారం పది గంటలకు. గడ్డి సరిగ్గా మూడంగుళాలు. దొర పొద్దున్నే కత్తెర పట్టుకుని తనే స్వయంగా అంచులు దిద్దాడు. మంగలికి కూడా అంత ఓపిక ఉండదు.

పోలండువాళ్లకు జనరల్ సంగతి పట్టదు, జర్మన్లకు అసలే పట్టదు. ఎనిమిది గంటలకు పన్నెండు విమానాలు లేచాయి. తొమ్మిదిన్నరకు పదకొండు తిరిగొచ్చి రాతినేల మీద ఎగిరెగిరిపడుతూ దిగాయి. పావు తక్కువ పదికి పన్నెండోది కనిపించింది. వెనక నల్లటి పొగ. ఎడమ చక్రం సగం దిగి వేలాడుతోంది. ఇంజన్ దగ్గుతోంది. కరుణాకరం రెక్క మీద నంబరు చదివాడు. అది వితోల్డ్‌ది.

“రేడియో పోయింది,” అన్నాడు బర్టోష్, పరిగెత్తుకొస్తూ. “రాళ్ల మీద దిగలేడు. ముక్కలైపోతాడు. రన్‌వే ఇవ్వండి.”

రేడియో పోయినవాడికి కింద నుంచి చెప్పడానికి సిగ్నల్ పిస్తోలు ఒక్కటే దారి. పచ్చ వెలుగు వేస్తే దిగమని, ఎర్రది వేస్తే వద్దని. పిస్తోలు ఒక సిపాయి చేతిలో ఉంది, ఆ సిపాయి పక్కన పిల్‌బీమ్ దొర ఉన్నాడు.

“ఎర్రది,” అన్నాడు దొర. “జనరల్‌గారి కారు పదిహేను నిమిషములలో రానున్నది. ఒక్క పదిహేను నిమిషములు ఆ యువకుడు గాలిలో వేచియుండవచ్చును కదా.”

“సార్,” అన్నాడు కరుణాకరం. “అక్కడ గడ్డి లేదు సార్. మొదట్లో. నేను అబద్ధం రాశాను. ఆ అర అంగుళం అబద్ధం. ఆయన్ని దిగనివ్వండి, నన్ను ఏం చేసినా సరే.”

పిల్‌బీమ్ దొర గడ్డివైపు చూశాడు, కరుణాకరం వైపు చూశాడు. “ఇప్పుడు ఉన్నది కదా,” అన్నాడు. “కావున నీ నివేదిక సత్యమే. ఎర్రది వేయుము.”

ఎర్ర వెలుగు లేచింది. పైన విమానం తడబడి, రాతినేల వైపు ముక్కు తిప్పింది. మూడున్నరేళ్లుగా ఇతరుల మాట విని బతికినవాడు, ఇప్పుడూ విన్నాడు. అప్పుడు కరుణాకరం, జీవితంలో ఎవరిమీదా చెయ్యెత్తనివాడు, సిపాయి చేతిలోంచి పిస్తోలు లాక్కుని, పచ్చ తూటా పెట్టి పైకి కాల్చాడు.

విమానం వెనక్కి తిరిగింది. గడ్డి మీదికి వచ్చింది. ఒక చక్రం మీద, రెక్క వాలకుండా, అంత నేర్పుగా దిగడం తాను చూడలేదని బర్టోష్ తర్వాత అన్నాడు. నలభై గజాలు చక్కగా పరిగెత్తింది. ఆ తర్వాత చక్రం గడ్డి కింది బురదలో దిగబడింది. తోక పైకి లేచింది. విమానం బోర్లాపడింది.

పరిగెత్తుకెళ్లి లాగేసరికి వితోల్డ్ మెడ విరిగి ఉంది. మొహం మీద తడిమట్టి. నెల్లాళ్ల పైగా మొహం కడుక్కోవడానికి నీళ్లు దొరకనివాడి మొహం నిండా ఆ నీళ్లే.

“పాత ఇసుక మీద అయితే,” అన్నాడు బర్టోష్, బతికేవాడు అనే మాట మాత్రం అనలేదు.

జనరల్ సరిగ్గా పది గంటలకు వచ్చాడు. శవాన్ని అప్పటికే గుడారంలోకి మోసుకుపోయారు. విమానాన్ని కదపడానికి టైము లేదు. గడ్డి మీద తలకిందులుగా పడి ఉన్న దాన్ని చూసి జనరల్ కనుబొమ్మలెత్తాడు.

“శత్రు విమానమండి,” అన్నాడు పిల్‌బీమ్ దొర, రెప్ప వాల్చకుండా.

“గడ్డి మీద గౌరవము లేని జాతి,” అన్నాడు జనరల్ తల పంకించి. “అయినను మిగిలిన భాగము అద్భుతము. మా ఊరు జ్ఞాపకము వచ్చినది.” వెండి షీల్డు ఇచ్చాడు. బర్టోష్ దాన్ని అందుకోవడానికి ముందుకు రాలేదు. విదేశీయుల మొహమాటం అనుకుని దొరే అందుకున్నాడు. కరుణాకరాన్ని అప్పటికి ఇద్దరు సిపాయిలు వంటగుడారం వెనక్కి లాక్కుపోయి నిలబెట్టారు. జనరల్‌తో చెబుతానన్న మాట అతను అరిచే చెప్పాడు. కారు ఇంజను చప్పుడులో అది ఎవరికీ వినబడలేదు.

తర్వాత విచారణ జరిగింది. ముగ్గురు అధికారులు, ఒక బల్ల. నష్టం: నలభై గజాల గడ్డి. కారణం: అనధికార పచ్చ సంకేతం. కరుణాకరం లేచి నిలబడి, మొదటినుంచి చివరిదాకా జరిగింది చెప్పాడు. అర అంగుళం ఎందుకు వేశాడో, కొలిచానని ఎందుకన్నాడో, బురద సంగతి తెలిసీ ఎందుకు ఊరుకున్నాడో, ఒక్క ముక్క దాచకుండా చెప్పి, శిక్ష వేయమన్నాడు.

పెద్ద అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఈ వాంగ్మూలము శాఖవారి నివేదికలతో విభేదించుచున్నది. నివేదికలన్నియు ఒకదానితోనొకటి ఏకీభవించుచున్నవి. కావున వాంగ్మూలము విచారభారముచే కలిగిన భ్రమగా పరిగణించి కొట్టివేయడమైనది. ముద్దాయి ఇంతవరకు కనబరచిన శ్రద్ధను దృష్టియందుంచుకొని మందలింపుతో విడుదల చేయడమైనది.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ శిక్ష కావాలని కాళ్లు పట్టుకున్నా పూజారి శిక్ష కూడా ఇవ్వలేదు.

వితోల్డ్‌ని రన్‌వే పక్కన పాతిపెడతామని పోలండువాళ్లు అడిగారు. గడ్డి అంచు చెడుతుందని ఒప్పుకోలేదు. ఉత్తరాన రాళ్లలో, పలుగులు వంగిపోతుంటే, మోచెయ్యి విరిగినవాడు తప్ప మిగతా అందరూ వంతులవారీగా తవ్వి పాతిపెట్టారు.

ఇంకో పది రోజులకు యుద్ధం ముందుకు జరిగిపోయింది. జర్మన్లు వెనక్కి తగ్గారు, పోలండు దళాన్ని రెండువందల మైళ్ల ముందుకు వెళ్లమన్నారు. బయల్దేరే ముందు బర్టోష్ కరుణాకరం దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

“నువ్వు పచ్చది వేశావు,” అన్నాడు. “అంతమందిలో నువ్వొక్కడివే.”

కరుణాకరం ఆ చెయ్యి పట్టుకోలేదు. “సార్, మొదటి నివేదికలో అర అంగుళం రాసింది నేను. విచారణలో చెప్పాను, వాళ్లు నమ్మలేదు. మీరు సంతకం పెట్టారు గాని రాసింది నేనే.”

బర్టోష్ అతని మొహంలోకి చూశాడు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. తన సంతకం గుర్తొచ్చిందో, కుర్రవాడు గుర్తొచ్చాడో, వెళ్లి విమానం ఎక్కాడు. ఆ చెయ్యి వెనక్కి పోవడం ఒక్కటే కరుణాకరానికి దక్కిన శిక్ష. అది చాలదని అతనికి తెలుసు.

విమానాలు పోయాయి, షీల్డు చంకన పెట్టుకుని దొరా పోయాడు, విమానక్షేత్రం మాత్రం పోలేదు. దాన్ని ఎత్తివేస్తున్నట్టు కాగితం ఏదీ రాలేదు. గుమాస్తా ఒకడు, నీళ్ల లారీ ఒకటి, డ్రైవరు ఒకడు యథాస్థానంలో ఉండి గడ్డిని కాపాడవలెనని ఉత్తర్వు. తర్వాతి పక్షానికి శాఖనుంచి అభినందన కూడా వచ్చింది: ‘విమానముల రాకపోకలు నిలిచిన పిమ్మట క్షేత్రస్థితి గణనీయముగా మెరుగుపడుట సంతోషదాయకము. ఇతర క్షేత్రములకును ఇది ఆదర్శము.’

కరుణాకరం ఆ కాగితం చదివిన రోజే సింహాద్రిని లారీ ఆపేయమన్నాడు. నాలుగు మైళ్లు నడిచి వెళ్లి, మందలు కాసుకునే అరబ్బుల దగ్గర సైగలతో మాట్లాడి, నూట యాభై మేకల్ని వెంటబెట్టుకొచ్చాడు. అవి రెండు రోజుల్లో గడ్డి వేళ్లతో సహా నమిలేశాయి. మూడో రోజున టైపు మిషన్ ముందు కూర్చుని శాఖకు రెండు పేరాల ఉత్తరం రాశాడు. మొదటి పేరాలో, అర అంగుళం గడ్డి అని తాను అబద్ధం రాసినట్టూ, దానివల్ల వితోల్డ్ జరెంబా అనే పైలట్ చనిపోయినట్టూ, పడిపోయిన ఆ విమానం శత్రువుది కాదనీ రాశాడు. రెండో పేరాలో, ప్రభుత్వపు గడ్డిని తానే బుద్ధిపూర్వకంగా మేకలచేత మేపించినట్టు రాశాడు. ఈ రెండు నేరాలకూ తనను శిక్షించవలసిందని ప్రార్థించి, ఈసారి తన సొంత పేరుతో తనే సంతకం పెట్టాడు.

జవాబు వచ్చేదాకా అతను రోజూ గడ్డం గీసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాడు. పట్టుకుపోవడానికి వచ్చేవాళ్లకు సిద్ధంగా ఉండాలని. సింహాద్రి ఏమీ అడగకుండా అతనికి టీ కాచి ఇచ్చేవాడు. తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. కరుణాకరం చదివాడు. చదివి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఏటన్నారు బాబూ?” అన్నాడు సింహాద్రి. “ఉరేత్తారా?”

“లేదు. గడ్డి నాలుగంగుళాలు మించకుండా మేకల్ని వాడటం మంచి ఆలోచనట. మెచ్చుకున్నారు. ఇంకో పన్నెండు మేకల్ని పంపిస్తారట.”

సింహాద్రి రాతినేల వైపు తిరిగాడు.

“మరి ఆ సిన్న బాబు సంగతి?”

“మొదటి పేరా వాళ్ల శాఖకు సంబంధించింది కాదట,” అన్నాడు కరుణాకరం.